చెంచా ఇంటికి కోడలు

శ్రావణ శుక్రవారం, దీపాలు పెట్టే వేళ. సన్నజల్లులో ఊరంతా కలలా మసకేసింది. పాతకాలపు వెండి తేయాకు డబ్బాలు, చెంచాలు పోగేసే జమీందారు, నాంచారమ్మ ఇంటి గుమ్మంలో పల్లకీ దిగాడు. అవ్వ ఇచ్చిన వెండి చెంచాతో ఆమె పేరంటాళ్ళకు తులసి తీర్థం పోస్తోంది.

"దీని జోడు డబ్బా నా దగ్గరుంది. అది పెళ్ళాం, ఇది మొగుడు. ఆలుమగల్ని విడదీస్తే పాపం కాదూ?" అంటూ అందరి ముందూ చెయ్యి చాపాడు.

నాంచారమ్మ దీపం ఒత్తి సవరిస్తూ మెల్లగా అంది: "పాపమే దొరా. కానీ మాకున్నది ఒక్కడే, ఇల్లరికం పంపలేం. మీ పిల్లనే కాపురానికి పంపండి."

బోయీలకు నవ్వాగలేదు. అన్న మాట వెనక్కి తీసుకోలేక దొర చాపిన చెయ్యి ముడుచుకున్నాడు.

మరునాడు పొద్దున్నే పల్లకీలో డబ్బా దిగింది. ఇంటిల్లిపాదీ హారతిచ్చి, గడప మీది బియ్యం చెంబును దాని అంచుతోనే తోయించి, లోపలికి తీసుకెళ్ళారు.