పసుపు అంటని నగలు

అనగనగా, నగలను కుంకుడు రసముతో కడుగుకొను కాలమున, కుందవరమను పట్టణములో గురవాచారి అను కంసాలి ఉండెను. గోకర్ణ మహారాజు కొలువులో నగలన్నియు ఆతని చేతిమీదుగానే రూపుదాల్చెడివి. ఆ పనిలోనే ఆతని తల నెరసినది.

ఏటేట దసరాకు ముందు అంతఃపురపు నగలు కడుగుటకై ఆతని ఇంటికి వచ్చెడివి. ఆతని భార్య వీరమాంబ వాటిని ఇత్తడి పళ్లెములో వేసి, కుంకుడు రసము పోసి రుద్దెడిది. స్త్రీలు పసుపు పూసుకొని స్నానమాడు కాలము గదా. మెడలో తిరిగిన నగయైనచో దాని సందులలో పసుపు చేరియుండును. పైకి లేచిన నురుగు పచ్చనగును. ఏ నగను ఎవరెంత ముద్దుగా ధరించిరో ఆ నురుగే గురవాచారికి చెప్పెడిది.

ఒక యేడు కొండదొర కూతురు కొండమాంబ ఆ రాజ్యమునకు రాణియై వచ్చెను. ఆమెకై గురవాచారి కెంపుల హారము చేసెను. దసరాకు అది కడుగుటకు వచ్చెను. నురుగు తెల్లగానే యుండెను.

బరువైనది కాబోలునని, మరుసటి యేడు సన్నని ముత్యాల పేరు చేసెను. నురుగు మరల తెల్లగానే యుండెను.

వీరమాంబ నవ్వును కొంగున దాచుకొని, "గానుగవాని కోడలి కాసులపేరునకు పళ్లెమంతయు పసుపే. మీ రాచనగకో, పాలనురుగు. తోడుపెట్టమందురా?" అనెను.

గురవాచారి నవ్వలేదు. వీధిలో ఎందరి మెడలలో తన పనితనము మెఱసినను, ఆతని మనసు ఆ ఒక్క మెడ చుట్టునే తిరుగుచుండెను.

అంతలో రాజు పిలిపించి, "ఆచారీ, రాణి నవ్వి చాలకాలమైనది. మూడవ నగయు పెట్టెలోనే పడియున్నచో, ఆస్థానపు సుత్తె వేఱొకని చేతికిచ్చెదను" అనెను.

ఇంటికి వచ్చి గురవాచారి, కడుగుటకు వచ్చియున్న రాణిగారి నగల పెట్టెను తెఱచి, అడుగున పఱచిన పట్టుగుడ్డను ఎత్తి చూచెను. దానిక్రింద ఎండిన గడ్డితో జడవలె అల్లిన మెడపేట ఒకటి, సగము పొడియై కనబడెను.

"చెత్త. కుంపటిలో వేయుదునా?" అనెను వీరమాంబ.

"మన యింట ఊడ్చిన దుమ్మునైనను బంగారు పొడికై జల్లింపక పారవేయుదుమా? ఇటు తెమ్ము" అని ఆతడు దానిని వెలుతురునకు పట్టెను. ఆ గడ్డిపేట సందులన్నింట పసుపే.

గురవాచారి పిమ్మట దానిని అరచేత పెట్టుకొని అంతఃపురమునకు పోయెను.

రాణి దానిని చూచి గబగబ లేచివచ్చెను. "పెట్టెలో మఱచితిని. పారవేసియుందురనుకొంటిని" అని దానిని అందుకొనెను. "మా కొండమీది గడ్డి ఇది, ఆచారీ. మా అమ్మ నేర్పగా అల్లితిని. గాలి వీచినప్పుడెల్ల చెవిదగ్గర గుసగుసలాడెడిది. ఇచటి గడ్డితో అల్లినచో విఱిగిపోవుచున్నది."

గురవాచారి చేతులు కట్టుకొనెను. "అమ్మా, తీగ తీయుట నాకు వచ్చును. అల్లుట రాదు. నేర్పెదరా?"

"రాజుగారి కంసాలికి గడ్డి అల్లుటైన రాదట" అని చెలికత్తెలు కిసుక్కుమనిరి. ఆతడు విననట్లే నేలపై కూర్చుండెను.

అల్లిక నేర్చుకొని, కమ్మచ్చు అను ఉక్కుపలక రంధ్రములగుండ బంగారమును లాగి, గడ్డిపోచవంటి తీగలు తీసెను. మొదటిసారి అల్లగా తీగ పుటుక్కున తెగెను. "ఎండుగడ్డి విఱుగును. తడిపి వంచవలెను" అనెను రాణి. గురవాచారి ఆలోచించెను: నీరు గడ్డికి చేయు మేలును నిప్పు బంగారమునకు చేయును. తీగను ఎఱ్ఱగా కాల్చి చల్లార్చెను. అది చెప్పినట్లు వంగెను.

రెండవసారి అల్లిక కుదిరెను. కాని పాత అలవాటుచొప్పున ప్రతి ముడిని వెలిగారము వేసి అతికెను. రాణి చెవిదగ్గర ఊపి చూచి, "కట్టివేసిన గడ్డి పలుకదు, తాతా" అనెను.

మూడవసారి అతుకొక్కటియు వేయలేదు. కొసలను వదులుగా విడిచెను.

రాణి దానిని మెడలో వేసికొని తూర్పు కిటికీకడ నిలిచెను. గాలి వీచెను. బంగారు పోచలు ఒకదానినొకటి తాకి మెల్లగా పలికెను. ఆమె కన్నుల నీరు నిండెను; నవ్వును వచ్చెను. "మా కొండ ఇంకను దూరముననే ఉన్నది, తాతా. కాని దాని గాలి వినబడుచున్నది."

మరుసటి దసరాకు పెట్టె వచ్చెను. వీరమాంబ కుంకుడు రసము పోసి రుద్దెను. నురుగు పైకి లేచెను, తంగేడుపూవువలె పచ్చగా.

"ఇక తోడుపెట్టనక్కఱలేదు లెండి" అని ఆమె పళ్లెమును భర్త ముందునకు జరిపెను. ఆస్థానపు సుత్తెను ప్రక్కన పెట్టి, గురవాచారి ఆ పచ్చని నురుగును తనివితీఱ చూచుచు కూర్చుండెను.

కావున పిల్లలారా, ఎంతటి పనివాడైనను ఎదుటివారి మనసునడిగి నేర్చుకొన్ననాడే, వాని పనికి పసుపు అంటును.