ఎనిమిది రోజుల రావిచెట్టు

విక్రమగిరిని రాజులేలే రోజుల్లో సోమయాజి అక్కడ ధర్మాధికారి. ఆయన వినని తగవు లేదు. అయినా బుట్టలల్లే ఓబుళమ్మ తగవు ఆయన్ని నివ్వెరపరిచింది.

ఓబుళమ్మ కోటపాలకుడు భైరవయ్య ఇంట్లో అద్దెకు దిగి ఎనిమిది రోజులే అయింది. దిగిననాటికే ఇల్లు పెంటకుప్పలా ఉంది, వెనకగోడ పగిలి ఉంది. బాగుచేయించమని అడిగితే భైరవయ్య, "బంగారంలాంటి ఇల్లిస్తే నువ్వే పాడుచేశావు, గోడ నువ్వే కట్టించు!" అని ఆమెనే తగవుకి ఈడ్చాడు. కోటపాలకుడికి భయపడి ఇరుగుపొరుగువాళ్ళెవరూ నోరు విప్పలేదు.

సోమయాజి స్వయంగా వెళ్ళి చూశాడు. గోడ చీలికలోంచి మనిషికన్నా ఎత్తైన రావిచెట్టు గలగలలాడుతోంది.

"నిజమే బాబయ్యా, గోడ నేనే పగలగొట్టాను," అంది ఓబుళమ్మ చేతులు జోడించి. "నా చెయ్యి చలవేమో గానీ, పగలగొట్టిన చోట ఎనిమిది రోజుల్లోనే ఇంత చెట్టు లేచింది! ఈ వింత రాజుగారికి విన్నవించి, నాకు రాజుగారి తోటలో కొలువు ఇప్పించండి."

తన ఇంటి చెట్టుని చూపించి ఆమె కొలువు కొట్టేస్తుందనేసరికి భైరవయ్యకు ఒళ్ళు మండిపోయింది.

"పచ్చి అబద్ధం! ఎనిమిది రోజుల్లో ఇంత చెట్టు ఎలా వస్తుంది? మూడేళ్ళ నుంచీ అది నా గోడలోనే పెరుగుతోంది!"

అనేశాక నాలుక కరుచుకున్నాడు.

సోమయాజి చెట్టునీ ఆమెనీ మార్చి మార్చి చూశాడు. గోడ కట్టించి, ఇల్లు కడిగించి ఇమ్మని భైరవయ్యను ఆజ్ఞాపించి, ఓబుళమ్మకు చేతులెత్తి మొక్కాడు.

"ఊరంతా నోరు మూసుకుంటే, నీ తరఫున అతని చేతే సాక్ష్యం చెప్పించావు కదమ్మా!"