మైమూనాకు సన్మానం

ఎవరైనా ప్రశ్న అడిగితే సోమయాజి మాస్టారు చేతికర్ర అందుకుంటారు. కొత్త శిష్యులు బెదిరిపోతారు గానీ, అది కొట్టడానికి కాదు, బయల్దేరడానికి. ఆయన జవాబులన్నీ వీధిలోనే దొరుకుతాయని పాతవాళ్లకు తెలుసు. ఆ ఆదివారం పొద్దున అడిగినవాడు పాతవాడే, భైరవమూర్తి. బస్తీలో ఎవరికి సన్మానం జరిగినా శాలువా కొనుక్కొచ్చేది అతనే.

"గురువుగారూ, రానని మొండికేసిన మనిషిని గౌరవించడం ఎలాగండీ?"

ఆ మనిషి మైమూనా. హైదరాబాదు ఏసీ గార్డ్స్‌లో ఉంటుంది. నిజాం కొలువులో గుర్రపు దళంగా పనిచేసిన ఆఫ్రికావాళ్ల సంతతి, సిద్దీల బిడ్డ. భర్త పోయాక కూడా, పక్షవాతంతో మంచాన పడిన మామను ఏళ్ల తరబడి పసిబిడ్డలా సాకుతోంది. ఆ సంగతి విని భైరవమూర్తి కదిలిపోయాడు. హాలు మాట్లాడాడు. సన్మానపత్రం స్వయంగా రాసి, ఆమె గుమ్మంలోనే నిలబడి చదివి వినిపించాడు. 'రంగు నలుపైనా మనసు వెన్న' అన్నచోట గొంతు కూడా వణికించాడు.

మైమూనా ఫక్కున నవ్వింది. "నా నలుపుకు ఏమైంది సార్? మంచిగనే ఉంది గద. ఈ ఆదివారమే మా చెల్లె నిఖా, పక్క గల్లీలనే. నా చేతులమీద పెరిగిన పిల్ల. దానికే పోతలేను, మీ హాలుకు ఎట్ల వస్త? మామను ఎవరు చూస్తరు?" చెల్లెలి మాట వచ్చేసరికి ఆ నవ్వు ఆగిపోయింది.

ఇదంతా చెప్పి, "ఆవిడ మనిషి కాదండీ, దేవత" అని ముగించాడు భైరవమూర్తి.

"దేవతైతే తిండీ నిద్రా అక్కర్లేదనా?" అంటూ మాస్టారు కర్ర అందుకున్నారు.

వాళ్లు వెళ్లేసరికి మైమూనా మామకు మొహం తుడుస్తోంది. "ఏం చెయ్యాలో చెప్పమ్మా, మేమిద్దరం ఇక్కడ ఉంటాం. నువ్వు మీ చెల్లెలి పెళ్లికి వెళ్లు" అన్నారు మాస్టారు. ఆమె మొదట నమ్మలేదు. జావ ఎలా తాగించాలో, పక్క ఎలా మార్చాలో చెప్పింది. గుమ్మందాకా వెళ్లి, ఏదో మరిచినట్టు వెనక్కొచ్చింది. మళ్లీ వెళ్లింది, మళ్లీ వచ్చింది. చివరికి మాట పడిపోయిన ఆ ముసలాయనే బాగున్న చెయ్యెత్తి, పో పో అని తరిమాడు.

ఇక భైరవమూర్తి పాట్లు చూడాలి. మొదటి చెంచా జావ ముసలాయన గడ్డం మీదికి, రెండోది తన పంచె మీదికి పోయింది. పక్క మార్చేసరికి నడుం పట్టేసింది. వీపు కింద ఎత్తుకు ఏమీ దొరక్క, సంచిలో ఉన్న శాలువానే మడిచి పెట్టాడు. మైమూనా రోజూ ఇదంతా ఒంటిచేత్తో చేస్తోందని అప్పుడుగానీ అతని ఒంటికి తెలియలేదు. ఇంతలో పక్క గల్లీలో సిద్దీల పెళ్లి మేళం, మర్ఫా డప్పులు మొదలయ్యాయి. ముసలాయన వేళ్లు మంచం పట్టె మీద దరువు వేశాయి.

సాయంత్రం మైమూనా తిరిగొచ్చింది. పసుప్పచ్చ జరీచీర, తలనిండా మల్లెలు, ఆడి ఆడి చెమట పట్టిన నల్లటి మొహం. అంత అందమైన మొహాన్ని భైరవమూర్తి ఈమధ్య చూడలేదు. పొగడటానికి మాట వెతికాడు, దొరకలేదు.

"చెల్లె నన్ను పట్టుకొని ఒకటే ఏడ్చింది సార్. అక్క రానే రాదనుకున్నదంట" అంది మైమూనా. తనూ ఏడ్చినట్టు కళ్లే చెబుతున్నాయి. మామ వీపు కింద చూసి, "అయ్యో, కొత్త శాలువా!" అని నొచ్చుకుంది.

వీధిలోకి వచ్చాక భైరవమూర్తి నడుం పట్టుకుని అడిగాడు: "మరి సన్మానం ఎప్పుడు పెట్టుకుందాం గురువుగారూ?"

మాస్టారు తన చేతికర్ర అతని చేతిలో పెట్టారు.

"దారి తెలిసిందిగా. వచ్చే ఆదివారం నువ్వొక్కడివే రాగలవు."