గుమ్మడి దురదా, గవరమ్మ ఇంటి తెలివీ

గవరమ్మ ఇంట్లో నలుగురు మనుషులూ, ఒక కుక్కా. నలుగురికీ తెలివంటే మామూలు తెలివి కాదు. ఆ మాట ఊళ్ళోవాళ్ళు అనలేదు, వాళ్ళే అనుకున్నారు. వానొస్తే గొడుగు తడిసి పాడైపోతుందని దాన్ని పెట్టెలో పెట్టి తాళం వేసి, తడుచుకుంటూ సంతకెళ్ళొచ్చేవారు. "చూడండి, కొని ఇన్నేళ్ళయినా మా గొడుగు మీద చుక్క నీళ్ళు పడలేదు" అని వచ్చినోళ్ళకల్లా చూపించేవారు.

గవరమ్మకి పెద్దకొడుకు ఎర్రునాయుడు, వాడి పెళ్ళాం నూకరత్నం, చిన్నకొడుకు తవుడు. కుక్క పేరు గుమ్మడి. పండిన గుమ్మడికాయ రంగులో ఉంటుంది మరి. చిన్న కూనగా ఉన్నప్పుడు సంతలో వంకాయల బస్తాల మధ్య దొరికితే తవుడు చొక్కాలో పెట్టుకుని తెచ్చాడు. అప్పట్నుంచీ తవుడు మంచం మీదుంటే అది మంచం కింద ఉండేది. అది మంచం మీదుంటే తవుడు కిందుండేవాడు.

అలాంటి గుమ్మడికి దురద పట్టుకుంది. గరగర, గరగర, ఒకటే గోకుడు. వీపు మీద బొచ్చు ఊడిపోయింది. చెవులు వాచాయి. కాలి వేళ్ళ సందుల్లో పుళ్ళు లేచి వాసనొచ్చింది.

"పాపం, గోక్కుని గోక్కుని నీరసపడిపోతోంది, బలం రావాలి" అని గవరమ్మ తన కంచంలో ఎండు నెత్తళ్ళ చేపలు ఏరి దానికేసేది. అది ఎంత గోక్కుంటే అన్ని నెత్తళ్ళు. ఎన్ని నెత్తళ్ళు తింటే అంత గోకుడు.

చివరికి ఆవిడకే విసుగొచ్చింది. "ఒరే తవుడూ, అమాసకి మా తమ్ముడు, మీ గురువులు మావ, ఇటుకలు మొయ్యడానికి మనుషుల కోసం బండి కట్టుకుని వస్తాడు. ఈ దురద గొడవ ఎవరి వల్లైతే వాళ్ళు ఆ బండెక్కి ఇటుకబట్టీకి పోవాల్సిందే."

"గుమ్మడే కదమ్మా గోక్కుంటంది?"

"అయితే గుమ్మడే పోద్ది."

తవుడు వెంటనే కుక్కని ఎత్తుకుని పశువుల ఆసుపత్రికి పరిగెత్తాడు. సలహా చెప్పడానికి మిగతా ముగ్గురూ వెంటపడ్డారు.

అక్కడ డాక్టరమ్మ ఓపిగ్గా చూసింది. "దీనికి ఏదో సరిపడట్లేదు. గోక్కున్న చోట పుళ్ళై చీము పట్టింది. ఈ మందుసబ్బుతో స్నానం చేయించి, తీగ మీద బట్టలు ఆరినట్టు శుభ్రంగా ఆరనివ్వండి. ఎక్కడ గోక్కుంటే అక్కడ ఈ మందు రాయండి. ముట్టుకున్నప్పుడల్లా చేతులు కడుక్కోండి. అది తినేవీ, ముట్టుకునేవీ ఒక్కొక్కటే తీసేస్తూ చూడండి. ఏది తీసేశాక గోకుడు ఆగిందో అదే దీనికి శత్రువు. దాన్ని మళ్ళీ ఇంట్లోకి రానివ్వకండి. వెంటనే తగ్గదు, ఓపిక పట్టండి. అర్థమైందా?"

"భలేదానివమ్మా! చెప్పింది చెప్పినట్టు చెయ్యడంలో మా తరవాతే ఎవరైనా" అంది గవరమ్మ.

ఇంటికొచ్చి స్నానం చేయించారు. తీగ మీద బట్టలు ఆరినట్టు ఆరాలి కదా. అంతే, పాత చీర ఉయ్యాలలా కట్టి, అందులో గుమ్మడిని వేసి, బట్టల తీగకి వేలాడదీశారు. గాలికి ఎగిరిపోకుండా చెవులకి చెరో క్లిప్పు పెట్టింది నూకరత్నం. దానికి హాయిగా ఉందేమో, ఊగుతూ నిద్రపోయింది.

పాలామె చూసి నోరెళ్ళబెట్టింది. "ఓలమ్మో, కుక్కని ఆరేశారేటే!"

"మరి తడిగా మడతపెట్టేస్తే వాసనొచ్చెయ్యదూ?" అంది నూకరత్నం. ఈ పాలామెకి బొత్తిగా ఏం తెలీదనుకుంది.

ఆరాక కిందికి దింపారు. గుమ్మడి తిన్నగా పోయి గుమ్మానికి వీపు రాసుకుని గోక్కుంది.

"అదుగో! ఎక్కడ గోక్కుంటే అక్కడ రాయమంది!" అని ఎర్రునాయుడు మందుగొట్టం పిండి గుమ్మానికి పూసేశాడు. అది అరుగు దగ్గర గోక్కుంది, అరుక్కి పూశాడు. పాలామె సైకిల్ చక్రానికి గోక్కుంది, చక్రానికి పూశాడు. మిగిలిందంతా గడపకి పట్టించి, "హమ్మయ్య" అని కాలు పెట్టాడు. ఇంకేముంది? సర్రున జారి, అరుగు దాటి, మెట్లు దాటి, మురిక్కాలవలో తేలాడు.

"మందు పనిచేస్తోందిరా! గడప ఎంత నున్నగా అయిందో!" అని చప్పట్లు కొట్టింది గవరమ్మ.

ఇక తవుడి పాట్లు వేరు. ముట్టుకున్నప్పుడల్లా చేతులు కడుక్కోవాలి కదా. కడుక్కుని అన్నం ముందు కూర్చునేవాడు. గుమ్మడి వచ్చి చేతికి ముక్కు ఆనించేది. లేచి కడుక్కునేవాడు. మళ్ళీ కూర్చునేవాడు, అది మళ్ళీ ముక్కు ఆనించేది. చూడలేక నూకరత్నం, "నువ్వు చేతులు వెనక్కి పెట్టుకో మరిదీ, నేను ముద్దలు పెడతా" అంది. తవుడు నోరు తెరిచాడు. గుమ్మడి నోరు నాకింది.

"నోరు కడుక్కోమని డాక్టరమ్మ చెప్పలేదు, పర్లేదు" అన్నాడు తవుడు. ఆ పూటకి కడుపు నిండింది.

గోకుడు మాత్రం ఆగలేదు. అమాస దగ్గర పడుతోంది. "తీసేద్దాం. అది ముట్టుకునేవన్నీ ఒక్కొక్కటే తీసేద్దాం" అన్నాడు తవుడు.

ముందు మంచం వీధిలో పెట్టారు. గరగర. మంచం కాదు. చాప పెట్టారు. గరగర. చాప కాదు. తర్వాత వంటింటి మీద పడి, నెత్తళ్ళ బుట్ట మూతకి తాడు బిగించి బయట పెట్టి, దాని మీద పప్పు డబ్బా, దాని మీద బియ్యం బస్తా, ఆ పైన గిన్నెలూ పేర్చారు. గరగర. అవీ కాదు! దండేసిన నాన్న ఫొటో దగ్గర గుమ్మడి ఒకసారి తోకాడించిందని నూకరత్నానికి గుర్తొచ్చింది.

"చచ్చి ఏ లోకానున్నాడో, ఆయన మీద అనుమానమేటే?" అంది గవరమ్మ. అని, తనే ఫొటోని పట్టుకెళ్ళి బియ్యం బస్తాకి ఆనించింది. గరగర. నాన్న కూడా కాదు. "నే చెప్పలేదా?" అని కళ్ళు తుడుచుకుంది.

తలుపులు తీశారు. కిటికీలు తీశారు. ఇంటి మీద పెంకులు కూడా తీసి పేర్చారు. ఈ పనుల్లో ఎన్ని రోజులు గడిచాయో ఎవరికీ గుర్తులేదు. గుమ్మడి ఒంటి మీద కొత్త బొచ్చు మొలుస్తోంది. గోకుడు పూటకి ఏ ఒకటి రెండుసార్లో. సామాన్లు మోసే హడావుడిలో ఎవరూ చూసుకోలేదు. నెత్తళ్ళ బుట్ట అన్నిటికీ కింద పడిపోయింది కాబట్టి గవరమ్మ వాటిని పెట్టడమూ మానేసింది.

చివరికి ఇంట్లో నాలుగు గోడలూ, నలుగురు మనుషులూ మిగిలారు.

"ఇంక మనమే" అన్నాడు ఎర్రునాయుడు. వాడు బయటికెళ్ళాడు. గర. నూకరత్నం వెళ్ళింది. గర. గవరమ్మ వెళ్ళింది. గుమ్మడి ఒక్కసారి చెవి గోక్కుంది.

తవుడొక్కడే మిగిలాడు. గుమ్మడిని దగ్గరకి తీసుకుని, "నేను బయటికెళ్ళాక ఒక్కసారి గోక్కోవే. ఊరికే, నా కోసం" అన్నాడు. చేతులు కడుక్కోడానికి బయటికెళ్ళాడు. వెనకాలే రాబోతున్న గుమ్మడికి అడ్డంగా, తలుపు లేదు కాబట్టి, ఎర్రునాయుడే తలుపులా నిలబడ్డాడు.

అందరూ గోడ మీంచి తొంగి చూశారు. గుమ్మడి తవుడి కోసం కాసేపు చూసి, ముడుచుకుని పడుకుంది. గోకలేదు. మధ్యాన్నమైంది, గోకలేదు. పొద్దు వాలింది, గోకలేదు.

"నా తల్లే, ఇన్నాళ్ళూ నీ ఒంటికి పడనిది నా కొడుకేనా!" అని గవరమ్మ గొల్లుమంది.

"నేనేనేటమ్మా?" అన్నాడు తవుడు. "సరేలే. అది బాగుంటే చాలు."

మర్నాడే అమాస. గురువులు మావ బండి వచ్చింది. అన్న మాట అన్న మాటే. తవుడికి మూటకట్టి, బొట్టు పెట్టి, బండెక్కించారు. ఎర్రునాయుడు ఇంటికి తలుపులా నిలబడే ఏడుస్తున్నాడు. కన్నీళ్ళు తుడుచుకోడానికి చెయ్యి ఎత్తాడో లేదో, సందులోంచి గుమ్మడి దూసుకొచ్చి బండెక్కి తవుడి ఒళ్ళో కూర్చుంది.

"ఒరే, ముట్టుకోకు! అది నీకు పడదు! కాదు, నువ్వు దానికి పడవు!" అని ముగ్గురూ బండి చుట్టూ తిరిగి అరుస్తున్నారు.

ఎవరిదో గేదెని చూసొస్తూ డాక్టరమ్మ అటే వచ్చింది. పెంకుల్లేని ఇల్లూ, వీధిలో సామానూ, బండిలో తవుడూ. స్కూటర్ ఆపి సంగతంతా విని, తల పట్టుకుంది. తర్వాత అడిగింది. "మీరు దీనికి తినడానికి ఏం పెట్టేవారు?"

"అన్నంలో ఎండు నెత్తళ్ళండి. బుట్ట సామాన్ల కిందుండిపోయింది. ఇన్నాళ్ళూ పాపం ఒక్కటీ పెట్టలేకపోయాను" అని గవరమ్మ నొచ్చుకుంది.

"అమ్మా, ఆ నెత్తళ్ళే! అవి మానేశారు కాబట్టే తగ్గింది. మీ అబ్బాయిని దింపండి, ఇంట్లోకి తీసుకెళ్ళండి. ఆ బుట్టని మాత్రం ఇంట్లోకి రానివ్వకండి!"

తవుడు కిందికి దూకి గుమ్మడిని ముద్దులు పెట్టుకున్నాడు. గవరమ్మ అందర్నీ అక్కున చేర్చుకుంది. డాక్టరమ్మ స్కూటర్ సందు మలుపు తిరిగింది.

"మరి బండెక్కాల్సింది నెత్తళ్ళు కదరా గురువులూ, తీసుకుపో" అంది గవరమ్మ.

"వాటికి ఇటుకలు మొయ్యడం వచ్చేటి అప్పా?" అన్నాడు గురువులు. అదీ నిజమేననిపించింది అందరికీ. బండి ఖాళీగా పోయింది.

పెంకులు కప్పారు, తలుపులు పెట్టారు, ఫొటో తగిలించారు. బుట్టొక్కటే అరుగు మీద మిగిలింది.

"ఎవరైనా మరిచిపోయి లోపలికి తెచ్చేస్తే?" అని భయపడింది నూకరత్నం.

"కాపలా పెట్టాలి" అన్నాడు ఎర్రునాయుడు. "మనలో ఎవరున్నా కునుకేస్తాం."

తవుడి ముఖం వెలిగిపోయింది. "మన గుమ్మడి ఉంది కదా! చూడండి, బుట్ట మీంచి చూపు తిప్పితే ఒట్టు!"

ఆహా అన్నారు అందరూ. మూతుంటే లోపల ఎన్నున్నాయో దానికి తెలీదని, తాడు విప్పి మూత కూడా తీసి పెట్టారు. తవుడు దాని తల నిమిరి, "ఒక్క నెత్తల్ని కూడా గడప దాటనివ్వకు సుమా" అని చెప్పి, చేతులు కడుక్కుని, మంచం మీద హాయిగా నడుం వాల్చాడు.

సాయంత్రం లేచి చూస్తే బుట్ట ఖాళీ. ఇల్లంతా వెతికారు. ఒక్క నెత్తలంటే ఒక్క నెత్తలు కూడా లోపలికి రాలేదు.

"అదీ కుక్కంటే!" అన్నాడు తవుడు. ఛాతీ ఉబ్బిపోయింది.

అప్పుడు అరుగు మీంచి వినిపించింది. గరగర, గరగర.

నలుగురూ ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళు చూసుకున్నారు. ఎర్రునాయుడు మెల్లిగా వెళ్ళి మంచానికి ఒక కొస పట్టుకున్నాడు. తవుడు రెండో కొస పట్టుకున్నాడు.