పాతిక ఆమడల కూటమి

కొండవాగు అనే ఒకానొక చిన్న రాజ్యాన్ని రణకేసరి అనే రాజు ఏలేవాడు. ఆయనకు కుస్తీలంటే ప్రాణం. కుస్తీల కంటే తన పేరంటే ప్రాణం.

రాజధాని చుట్టుపక్కల కుస్తీ నేర్పే గరిడీలు ఆరు ఉంటే, వాటిని ఒక కూటమిగా కట్టాడు. ఒక గరిడీ మల్లులు మరో గరిడీకి వెళ్లి తలపడేవారు. పొద్దున్నే బయల్దేరితే చీకటి పడేలోగా ఇల్లు చేరేవారు.

ఇంతలో పొరుగురాజు తన కూటమిలో తొమ్మిది గరిడీలను చేర్చుకున్నాడని కబురొచ్చింది. రణకేసరి పది చేశాడు. పొరుగురాజు పన్నెండు చేశాడు. ఈయన పదమూడు చేశాడు.

"మనం చేర్చుకోకపోతే వాడు చేర్చుకుంటాడు. ఎన్ని ఊళ్లు చూస్తే అంత పేరు!" అనేవాడు.

ఈ తిరుగుళ్లలో మల్లులతో పాటు నలిగిపోయినవాడు ఏకామ్రయ్య. ఆస్థానంలో విదూషకుడు. బరి దగ్గర మల్లుల పేర్లు చాటే పని కూడా ఆయనదే. వయసు మీదపడింది. బండి దిగాక నడుము నిలబడటానికి కాసేపు పట్టేది. తన బాధ ఎలాగో ఓర్చుకున్నాడు గానీ, ఆ వేసవిలో సింగన్నను చూసి ఓర్చుకోలేకపోయాడు.

సింగన్న రాజ్యంలోకెల్లా మేటి మల్లుడు. తొమ్మిది రోజులు బండిలో కుదేలై, దిగిన పూటే బరిలోకి దిగి, అనామకుడి చేతిలో ఓడి కిందపడి భుజం విరగ్గొట్టుకున్నాడు.

"ఓడినందుకు కాదయ్యా" అన్నాడు సింగన్న. "పడిపోతున్నప్పుడు, హమ్మయ్య, ఇక పడుకోవచ్చు అనిపించింది. అదీ నా ఏడుపు."

ఆ వారమే రాజు నిండుసభలో మీసం దువ్వాడు. "సముద్రపొడ్డున రేవుపాలెం గరిడీని చేర్చుకుంటున్నాం. ఇక్కడికి పాతిక ఆమడలు!"

"మల్లులు అలిసిపోయారు ప్రభూ" అన్నాడు ఏకామ్రయ్య.

"బండిలో కూర్చుంటే అలుపేమిటయ్యా? నడిచేవి ఎడ్లు కదా!"

సభంతా నవ్వింది. ఏకామ్రయ్య చేతులు కట్టుకున్నాడు.

"నిజమే ప్రభూ. అయితే ఒక్క మనవి. మొదటి పోటీని తమరే గద ఎత్తి ఆరంభిస్తే పొరుగురాజు కుళ్లి చస్తాడు. పల్లకీ మాత్రం వద్దు. మల్లుల బండిలో, మల్లుల నడుమ సింహంలా దిగాలి."

రాజు ఉబ్బిపోయాడు.

మొదటి రోజు దారిపొడవునా జనానికి చెయ్యి ఊపాడు. మూడో రోజు ఊపడం మానేశాడు. ఆరో రోజు, "ఇంకా ఎంత దూరం?" అని అడిగాడు. పదో రోజు అడగడం కూడా మానేశాడు.

పన్నెండో రోజు రేవుపాలెం వచ్చింది. బరి చుట్టూ వేలమంది. ఇంటి దగ్గర ఒంటిచేత్తో ఆడించే గద, మోకాలి దాకా లేచి ఆగిపోయింది. రెండు చేతులా పట్టాడు. నడుములో కలుక్కుమంది. రాజు అలాగే వంగి ఉండిపోయాడు. తమ మట్టికి మొక్కుతున్నాడనుకుని జనం జేజేలు కొట్టారు.

"ఏకామ్రయ్యా, నాకేమైందయ్యా?" రాజు వంగే గొణిగాడు.

"తమకేమీ కాలేదు ప్రభూ. కూటమి పెరిగింది, అంతే. తమరు ఆ కొస నుంచి ఈ కొసకు వచ్చారు." రాజు చెవి దగ్గరికి వంగాడు. "సింగన్న కూడా ఇలాగే బండి దిగి పడ్డాడు. అతనికి ఎవరూ జేజేలు కొట్టలేదు."

రాజు తల తిప్పి చూశాడు. మల్లులు బండి చక్రాలకు ఆనుకుని కునుకుతున్నారు. తన అవస్థకు తనకే నవ్వొచ్చింది. నవ్విన ప్రతిసారీ నడుము కలుక్కుమంది.

"నన్నే బండెక్కించావు కదయ్యా!" అని మూలుగుతూనే నవ్వాడు.

మూడు రోజులు పోటీ ఆపించి మల్లులను నిద్రపొమ్మన్నాడు. ఇకమీదట ఏ ప్రాంతం గరిడీలు ఆ ప్రాంతంలోనే తలపడాలనీ, గెలిచినవాళ్లు మాత్రం ఏడాదికోసారి కలవాలనీ చాటించాడు. రాజధాని గరిడీకి సింగన్నను గురువును చేశాడు. తన చేతి కంకణం తీసి ఏకామ్రయ్యకు తొడిగాడు.

"ఇంకేం కావాలో కోరుకో."

"ఇంటికి వెళ్లాలని ఉంది ప్రభూ."

రాజు నడుము పట్టుకుని నిట్టూర్చాడు. "అది నా చేతిలో లేదయ్యా. పన్నెండు రోజులు పడుతుంది."