వాగు గట్టున రాతి గుడ్లు

అనగనగా ఒక అడవిలో భల్లయ్య అనే ఎలుగుబంటి ఉండేవాడు. తీర్పులు చెప్పడమంటే అతనికి తేనె కన్నా ఇష్టం.

ఒక వానాకాలం వాగు గట్టు విరిగిపడింది. లోపలినుంచి పెద్ద పెద్ద ఎముకలు బయటపడ్డాయి. డైనోసార్ అంటారు చూడండి పిల్లలూ, ఆ రాక్షసబల్లివి! కోట్ల ఏళ్ల నాటివి. పొడుగాటి గోళ్లు, పక్షికున్నట్టు ముక్కు. కింద గుండ్రంగా పేర్చిన గుడ్లు. అన్నీ రాయైపోయాయి.

భల్లయ్య ఒక్క చూపు చూశాడు. అంతే, తీర్పు సిద్ధం.

"గుడ్ల దొంగ! ఎవరి గూడో దోచుకుంటూ చచ్చింది. దీని ఎముకలు మన అడవిలో ఉండటానికి వీల్లేదు. ఒరేయ్ పందీ, వాగులోకి తోసెయ్!"

అడవిపంది తోయడానికి ఎముకలకు మూతి ఆనించాడు.

"ఆగండి!" అని పక్క పొదలోంచి ఒక కేక. అడవికోడి చుక్కమ్మది. ఏడు గుడ్లు పొదుగుతోంది.

"ఏమిటే నీ గోల? ఇక్కడికొచ్చి చెప్పు" అన్నాడు భల్లయ్య.

"రాలేను మామా. చలిగాలి కొడుతోంది. నేను లేస్తే నా పిల్లలు దక్కరు. నువ్వే చూసి చెప్పు. ఆ గుడ్లలో ఒక్కటైనా పగిలిందా?"

భల్లయ్య వంగి చూశాడు. "లేదు."

"కాళ్లెలా ఉన్నాయి?"

"మడిచి ఉన్నాయి. గుడ్ల మధ్య ఖాళీలో కూర్చుంది."

"మరి చేతులు?"

భల్లయ్య నసిగాడు. "రెండు వైపులా చాచి ఉన్నాయి. గుడ్ల మీద."

"ఇప్పుడు నన్ను చూడు మామా."

చుక్కమ్మ కాళ్లు మడిచి, రెక్కలు పరిచి కూర్చుని ఉంది. భల్లయ్య గట్టు వైపు చూశాడు. మళ్లీ పొద వైపు చూశాడు. రెండు చోట్లా ఒకే తీరు.

"అమ్మో నాన్నో నాకు తెలీదు. దొంగ మాత్రం కాదు మామా. మీద మట్టి పడుతుంటే దొంగైతే పారిపోయేది. ఇది లేవలేదు" అంది చుక్కమ్మ.

ఎంత గొప్ప ప్రాణం పిల్లలూ! పరిగెత్తడానికి అంతంత కాళ్లుండి కూడా కదల్లేదు.

"తప్పు మాట అన్నాను" అని భల్లయ్య ఆ ఎముకలకు దండం పెట్టాడు. తన చేతుల్తోనే మెల్లగా మట్టి కప్పాడు. తర్వాత వెళ్లి, చలిగాలికి అడ్డంగా చుక్కమ్మ పొద పక్కన కూర్చున్నాడు. గుడ్లు పగిలేదాకా లేవలేదు.

ఏడు పిల్లలూ బయటికొచ్చాయి. చుక్కమ్మ వాటిని మొట్టమొదట ఆ గట్టు దగ్గరికే తీసుకెళ్లింది.

నీతి: ఎవరినైనా దొంగ అనేముందు దగ్గరికెళ్లి నిదానంగా చూడాలి. మాట పడ్డవాళ్లు లేచొచ్చి జవాబు చెప్పుకోలేకపోవచ్చు.