పెన్నొడ్డున మాటబండ

పూర్వం, పాళెగాళ్ళు కొండకొకరుగా కోటలు కట్టుకుని సీమను ఏలిన కాలంలో, పెన్నానది ఉత్తరపుటొడ్డున నల్లరేవు అనే చిన్న పల్లె ఉండేది. పాతిక గడపల ఆ పల్లెవాసులు క్రీస్తు ప్రభువును కొలిచే భక్తులు. ఏటి లోతు చూసి బాటసారుల బండ్లను అవతలికి నడిపించడం వారి వృత్తి. రేవు పక్కన పరుచుకున్న నల్లని బండ మీద, తాటాకు పందిట్లో నిలిపిన కొయ్య శిలువ చెంత, శౌరమ్మ అనే వృద్ధురాలు దారిన పోయేవారికి మంచినీళ్ళు పోస్తూ కాలం గడిపేది.

వయసులో ఉండగా ఆమె నోటికి ఊరంతా జడిసేది. ఆ తరువాత ఒక మహాదుఃఖం ఆమెను మూగదాన్ని చేసినంత పనిచేసింది. ఏడాదికొకమారు వచ్చే గురువు దైవవాక్యం బోధిస్తూ, సత్యమెంత పవిత్రమో దాన్ని పలికే వేళను ఎరగడమూ అంతే పవిత్రమని చెప్పిన సంగతి ఆమె హృదయంలో శిలాక్షరమై నిలిచింది. నాటినుండి ప్రతి ఉదయం ఆమె ప్రార్థన ఒక్కటే: “సామీ, ఈ పొద్దు నా నోట అక్కరకొచ్చే మాట ఒక్కటి ఉంచు. తక్కినవి నువ్వే ఆపు.”

ఒక శ్రావణమాసపు మధ్యాహ్నం, పాళెగాడు కుమార ఓబుళనాయుడు తన ఏకైక పుత్రిక చెన్నమాంబను పల్లకిలో కూర్చుండబెట్టుకుని, మున్నూరు మంది పరివారంతో, ఇరవై బండ్లతో, డప్పులూ సన్నాయిలూ మిన్నుముట్టగా ఆ రేవుకు వచ్చాడు. ఆ సాయంత్రమే ఆవలి కోటలో పెండ్లి ముహూర్తం. పొద్దు వాలకముందే వస్తానని వియ్యంకులకు మాట ఇచ్చిన ఆయన, ఒకసారి ముందుకు వేసిన అడుగు వెనక్కి తీసిన మనిషి కాడు.

నీరు మోకాలిలోతే ఉంది. అయినా శౌరమ్మ మేనల్లుడు ఇన్నయ్య, దారి చూపడానికి ఏట్లో దిగినవాడు, ఉలిక్కిపడ్డాడు. అడుగున నీరు మంచులా తగిలింది. పైన ఎర్రని నురుగు తేలివస్తోంది. ఎండ్రకాయలు గుంపులుగా గట్టెక్కుతున్నాయి. అతడు పరుగున వచ్చి అందరి ఎదుటా కేకవేశాడు.

“దొరా, ఆగండి! పైన ఏరు తెగొస్తాంది! దిగితే పెండ్లికూతురితో సహా అందరూ కొట్టుకపోతారు!”

డప్పులు టక్కున ఆగాయి. మున్నూరు జతల కళ్ళు నాయుడి మీదికి తిరిగాయి. ఆయన ముఖం కందగడ్డయింది.

“శుభమా అని పెండ్లికి పోతావుంటే చావుమాట పలుకుతావా? కట్టేయండ్రా వీణ్ణి! దించండి బండ్లు!”

భటులు ఇన్నయ్యను తుమ్మచెట్టుకు కట్టివేశారు. పల్లెవాడు మరొకడు నోరు తెరవబోగా నాయుడి చేయి కత్తి పిడి మీదికి పోయింది. మొదటి బండ్లు ఏట్లోకి దిగనే దిగాయి.

బండ మీదినుంచి శౌరమ్మ ఇదంతా చూసింది. ‘ఓరి మూర్ఖుడా’ అన్న అరుపు నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె దాన్ని మింగి, నీళ్ళకుండ ఎత్తుకుని పల్లకి దగ్గరకు నడిచింది. లోపల చెన్నమాంబ ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లేలా ఉంది. ఆమెకు నీళ్ళు పోస్తుండగా, ఆలస్యమెందుకని గద్దించబోతూ నాయుడు వచ్చాడు. శౌరమ్మ ఆయనకూ పోసింది. దోసిలిపట్టి తాగేదాకా, ఊపిరి నెమ్మదించేదాకా ఓర్చి, ఆయనకొక్కడికే వినబడేలా అంది.

“బిడ్డ పొద్దుటినుంచీ పస్తుండాదంట, దొరా. ఆ గట్టెక్కితే ఇంకొకరి చేతి కూడు తింటాది. మీ చేత్తో ఒక ముద్ద పెట్టి పంపరాదా? దొర ఆగినాడని ఎవరంటారు? తండ్రి బిడ్డకు అన్నం పెడతాండాడు అంటారు.”

నాయుడు కూతురి వైపు చూశాడు. ఆమెను పల్లకి దించి బండ మీద పక్కన కూర్చుండబెట్టుకుని, పెరుగన్నం తెప్పించి ముద్ద కలిపాడు. దొర ఆగడంతో ఏట్లోని బండ్లూ ఉన్నచోటే ఆగాయి. మొదటి ముద్దకే ఆ పిల్ల వెక్కి వెక్కి ఏడ్చింది. తండ్రి కళ్ళూ చెమర్చాయి.

“నీకు బిడ్డలున్నారా, అవ్వా?” అన్నాడు.

ఆ వేళ వచ్చిందని శౌరమ్మకు తెలిసింది.

“ఒక్క కూతురుండేది దొరా. ఈ రేవునుంచే అత్తగారింటికి పంపితి. ఏరొస్తాందని ఆ పొద్దు నలుగురిలో నా మొగుణ్ణి నానా మాటలూ అంటి. పంతానికి ఆయప్ప బండి దించినాడు. నీళ్ళు ఇట్లనే మోకాలిలోతు ఉండె.”

ముద్ద పట్టిన చేయి అట్లాగే నిలిచిపోయింది. నాయుడు ఏటి వైపు చూశాడు. ఎర్రని నురుగు చూశాడు. ఒక్క ఉదుటున లేచాడు.

“బండ్లు వెనక్కి! నా ఆన, వెనక్కి తిప్పండి!”

బండ్లన్నీ గట్టుకు మళ్ళాయి గాని, అన్నింటికన్న ముందుపోయిన బండి చక్రం ఇసుకలో కూరుకుపోయింది. “నన్ను విడవండి దొరా, ఆ చోటు నాకెరుకే!” అని ఇన్నయ్య మొత్తుకున్నాడు. నాయుడే పరుగెత్తి కత్తితో తాడు తెగవేశాడు. ఇన్నయ్య ఏట్లో దూకి, కాడి విప్పి, ఎద్దులనూ బండివాణ్ణీ గట్టుకు తరిమాడు. వారి పాదాలు పొడి ఇసుకను తాకాయో లేదో, కొండ విరిగిపడ్డట్టు ఒక ఘోష! మానులను మోసుకుంటూ తాటిచెట్టంత ఎర్రనీరు విరుచుకుపడి, ఆ బండిని గడ్డిపోచలా ఎగరేసుకుపోయింది.

పిదప నాయుడు ఇన్నయ్య మణికట్ల మీద తాడు ఒరిసిన చారలను తన ఉత్తరీయంతో తుడిచి, శౌరమ్మ వైపు తిరిగాడు.

“వీడు చెప్పిందీ నిజమే, నువ్వు చెప్పిందీ నిజమే. వీణ్ణి కట్టేయిస్తి, నీ మాట వింటి. ఎందుకవ్వా?”

“వాడు చెప్పినప్పుడు మీ చుట్టూ మున్నూరు మంది ఉండిరి, దొరా. నేను చెప్పినప్పుడు మీ బిడ్డ ఒక్కతే ఉండె.”

మూడవనాడు ఏరు తగ్గింది. ఇన్నయ్య ముందు నడవగా పెళ్ళివారు సుఖంగా దాటి, మరో ముహూర్తాన పెళ్ళి జరిపించారు. తిరిగి వచ్చాక నాయుడు తాటాకు పందిరి స్థానంలో రాతి మందిరం కట్టించాడు. నాటినుండి ఆ శిల మాటబండ అయింది. క్రమేణా నల్లరేవు పేరు మాసి, ఊరే మాటబండగా వెలసింది.

నేటికీ ఆ చుట్టుపక్కల, ఏ దేవుణ్ణి కొలిచేవారైనా, అత్తవారింటికి పోయే ఆడపిల్లను ఆ బండ మీద కూర్చుండబెడతారు. తండ్రి స్వహస్తాలతో పెరుగన్నం ముద్ద పెడతాడు. ఆ సమయంలో చుట్టపక్కాలందరూ దూరంగా జరిగి నిలుచుంటారు. అప్పుడాయన చెప్పే మాట ఏమిటో కూతురికి తప్ప మరెవ్వరికీ వినబడదు.